గంతే నాయినా

ఈ సంగతులు నేను మంచి మనసుతో రాయడం లేదు. కోపంతో రాస్తున్నాను. జబ్బు నుంచి లేచినవాడు మెల్లగా, కళ్ళు తుడుచుకుంటూ, అందరికీ దండం పెడుతూ మాట్లాడాలని లోకం ఎదురుచూస్తుంది. దండాలు పెట్టాల్సిన వాళ్ళకు పెట్టేశాను. మిగిలింది కోపమే. రేపు మీ ఇంట్లో ఎవరైనా మంచాన పడితే పండ్ల సంచి పట్టుకుని వచ్చేవాళ్ళు ఏమేం అంటారో మీకు ముందే తెలిసి ఉండటం మంచిదని రాస్తున్నాను. వేళ్ళు ఇంకా పూర్తిగా నా మాట వినడం లేదు, అందుకని రోజుకు ఒక పేజీకి మించి సాగడం లేదు.

నా పేరు యాదయ్య. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజర్‌ని. ఆదివారం మాత్రం నా పేరు యాకోబు. బాప్తిస్మం నాడు పాస్టరు గారు పెట్టిన పేరు అది. మా సంఘం మల్లాపూర్ వైపు వెళ్ళే దారిలో, ఒక వెల్డింగ్ షాపు పైన, మొదటి అంతస్తులో నడుస్తుంది. అక్కడ నేను పద్నాలుగేళ్ళు సంఘ పెద్దగా ఉన్నాను. జనం చాపల మీద కూర్చుంటే పెద్దలం నలుగురం ముందు కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. ఆ నలుగురిలో ప్రార్థనకు పేరున్నవాణ్ణి నేను.

ఈ ప్రార్థన గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నేను పోగొట్టుకున్నది అదే. మాది జనగాం దగ్గర పల్లె. ఇంట్లో, కంపెనీలో గిట్ల, గట్ల అని మాట్లాడే నోరే, మైకు ముందుకు రాగానే "మహోన్నతుడవును కృపాసమృద్ధుడవునైన మా పరలోకపు తండ్రీ" అని అందుకునేది. ఆ భాష మా ఇంట్లో పుట్టింది కాదు. పాస్టరు గారి దగ్గర విని, అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. పావుగంట సేపు ఎక్కడా తడబడకుండా "దయచేయుదువు గాక, స్థిరపరచుదువు గాక" అంటూ సాగేది. అయ్యాక ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని "మస్తు జేసిన్రన్నా ప్రార్థన" అనేవాళ్ళు. ఆ మాటను ఇంటిదాకా నోట్లో చప్పరించుకుంటూ వెళ్ళేవాణ్ణి.

మా నాయిన పోయాక అమ్మ ఊరు వదిలి మా దగ్గరికి వచ్చింది. నాలాగే నమ్మింది, బాప్తిస్మం తీసుకుంది. అక్షరం ముక్క రాదు. ప్రార్థనంటే దేవుడితో మాట్లాడటమేనని నేనే చెప్పాను, అమ్మ అది నమ్మింది. ఆరేళ్ళ కిందట ఒక గురువారం మా ఇంట్లో కూడిక జరిగింది. ఒక్కొక్కరే ప్రార్థన చేస్తుండగా వంతు అమ్మ దాకా వచ్చింది.

"నాయినా, మోకాళ్ళు గుంజుతున్నయ్. కోడలు కుట్టుమిషిన్ కాడ కూసొని కూసొని నడుము పడిపోతున్నది. జర సూడు. గంతే నాయినా."

ఇదీ అమ్మ ప్రార్థన. చివర ఆమేన్ కూడా లేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "అమ్మా, దేవునితోని గట్ల మాట్లాడొద్దు" అన్నాను, అందరి ముందే. "పక్కింటోనికి జెప్పినట్టు గంతే ఏంది? తండ్రీ అనాలె. ఆఖరికి ఆమేన్ అనాలె."

"అట్లనే బిడ్డా" అంది అమ్మ. ఆ తర్వాత ఆరేళ్ళలో మళ్ళీ ఎప్పుడు వంతు వచ్చినా, పక్కావిడ వైపు చూసి తల అడ్డంగా ఊపేది. అమ్మకు అణకువ అబ్బిందని నేను సంతోషపడ్డాను.

జూన్ ఆఖరి సోమవారం కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "అన్నా, ఒక శెప్పేదీ?" అన్నాడు. చూసుకుంటే కుడి కాలికి చెప్పు లేదు. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు ఎక్కేటప్పుడు జారిపోయి ఉంటుంది. అక్కణ్ణుంచి అంత దూరం ఒంటి చెప్పుతో వచ్చాను, కాలికి తెలియలేదు. వాచ్‌మన్ నవ్వాడు, నేనూ నవ్వాను. బుధవారానికి కంపెనీ గౌను నాడాలు ముడి వేసుకోలేకపోయాను. శుక్రవారం పొద్దున మంచం దిగబోయి కింద పడ్డాను. అదే రోజు సుజాత, అంటే నా భార్య, ఇద్దరు పక్కింటివాళ్ళ సాయంతో నన్ను ఆటోలో దవాఖానాకు తీసుకెళ్ళింది. దవాఖానా పేరు రాయను. డాక్టరు అదేదో నరాల జబ్బని చెప్పి, కింది నుంచి పైకి పాకుతుందనీ, ఎక్కడిదాకా పాకి ఆగుతుందో చూడాలనీ అన్నాడు. చూస్తూ పడుకోవడం తప్ప నాకు పని లేదు. మోకాళ్ళు, నడుము, చేతులు అన్నీ నా కళ్ళ ముందే ఒక్కొక్కటిగా పోయాయి.

ఇంకా మాట పడిపోని రోజుల్లోనే పాస్టరు గారు ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చారు. నూనె రాశారు, తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. అంతవరకూ బాగుంది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని "బ్రదర్, హృదయాన్ని ఒకసారి పరిశీలించుకోండి. ఒప్పుకోని పాపం ఏదైనా ఉంటే ఇప్పుడే ఒప్పుకోండి. దేవుడు కారణం లేకుండా ఇలా పడవేయడు కదా" అన్నారు. వెనక ఇద్దరూ తలలూపారు.

చెయ్యి లేచి ఉంటే ఏం చేసేవాడినో తెలియదు. అన్నం మింగడానికి భయపడుతున్న మనిషిని అడిగే ప్రశ్నా అది? కానీ నాకు అంత మంట పుట్టడానికి కారణం ఇంకోటుంది. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. రెండేళ్ళ కిందట రామంతాపూర్‌లో డయాలసిస్ మీద ఉన్న ఒకావిడను నేనే అడిగాను, అచ్చంగా ఇవే మాటల్లో. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. హృదయం కఠినం చేసుకుందని సంఘంలో చెప్పాను. ఇప్పుడు గోడ వైపు తిరుగుదామంటే నాకు తిరగడం కూడా రావడం లేదు.

జూలై రెండో వారంలో ఊపిరి అందకపోతే గొంతులో గొట్టం వేశారు. ఆ తర్వాత రెండు వారాలకు పైగా నేను ఐసీయూలో పైకప్పు చూస్తూ ఉన్నాను. కనురెప్పలు కూడా బరువై మూతపడేవి. కానీ చెవులు పనిచేసేవి, ఆ సంగతి చాలామందికి తెలియదు.

అప్పుడు ప్రార్థన చేద్దామనుకున్నాను. చేతకాలేదు. మనసులోనే "మహోన్నతుడవును" అని మొదలుపెట్టేవాణ్ణి, తర్వాతి మాట వచ్చేలోగా మొదటిది జారిపోయేది. ఎదురుగా జనం లేకపోతే ఆ వాక్యం ముందుకు నడవదని నాకు అక్కడ తెలిసింది. పద్నాలుగేళ్ళు మైకుకు చేశాను ప్రార్థన. చచ్చిపోతానేమోనన్న భయం కంటే ఎక్కువ భయం వేసింది. ఇన్నేళ్ళూ అవతల ఎవరైనా విన్నారా, లేక నా గొంతు నేనే విన్నానా? మళ్ళీ ఒక్కసారైనా నిజంగా ప్రార్థన చేయగలనా? కాళ్ళు వస్తాయా రావా అన్నది కూడా ఆ తర్వాతే గుర్తొచ్చేది.

చూడటానికి రోజూ ఒక్కరినే, పది నిమిషాలు మాత్రమే లోపలికి రానిచ్చేవాళ్ళు. ఒకరోజు సుజాత, ఒకరోజు అమ్మ. సుజాత వచ్చిన రోజు నా పాదాలు పట్టుకుని ఊరికే నిలబడేది. అమ్మ వచ్చిన మొదటి రోజు నాకు కళ్ళు తెరవడం కాలేదు, పడుకున్నాననుకుంది. మంచం కమ్మీ పట్టుకుని గుసగుసగా మొదలుపెట్టింది.

"నాయినా, గిదేంది? గింత పొడుగు మనిషిని గిట్ల పండవెడితివి. నీకు మంచిగనిపిస్తున్నదా? నేను ముసల్దాన్ని, నన్ను తీస్కపో. వాణ్ని లేపు. రేపు మల్ల అడుగుత. గంతే నాయినా."

ఆరేళ్ళ తర్వాత ఆ మాట విన్నాను. అమ్మ ప్రార్థన మానలేదు. నా ముందు మాత్రమే మానింది. నేను ఇంట్లో లేనప్పుడు, బియ్యం ఏరుతూనో బట్టలు మడత పెడుతూనో, నాకు వినపడకుండా జాగ్రత్తపడుతూ ఆరేళ్ళూ చేసుకుని ఉంటుంది. దేవుడితో మాట్లాడటానికి కొడుక్కు భయపడి దాక్కున్న తల్లి మా ఇంట్లోనే ఉందన్నమాట. నా మీద నాకు వచ్చిన కోపాన్ని వెళ్ళగక్కడానికి నోరు లేదు, కొట్టుకోవడానికి చెయ్యి లేదు. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. అమ్మ కొంగుతో తుడిచి, కళ్ళు మండుతున్నాయేమోనని నర్సుకు చెప్పి వెళ్ళింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ పాపానికే ఈ జబ్బు వచ్చిందని ఎవరూ అనుకోవద్దు. పాస్టరు గారికి ఈ సంగతి దొరికి ఉంటే అదే అనేవారు. తల్లి నోరు మూయించిన ప్రతివాడికీ నరాలు చచ్చుబడితే హైదరాబాదులో నడిచేవాళ్ళు చాలా తక్కువమంది మిగులుతారు. జబ్బు జబ్బే. నా తప్పు నా తప్పే.

నాకు అన్నీ చేసిన మనిషి సత్తెమ్మ. ఆయాగా పనిచేసేది, ఘట్‌కేసర్ నుంచి పొద్దున్నే బస్సులో వచ్చేది, నుదుట రూపాయంత బొట్టు. నా కింద తుడిచి గుడ్డ మార్చేటప్పుడు నేను కళ్ళు మూసుకునేవాణ్ణి. "సిగ్గెందుకన్నా" అనేది. "సంటిపోరగాళ్ళు సిగ్గుపడ్తరా?" పసిబిడ్డల్లా మారాలని నేను ఎన్ని ఆదివారాలు బోధించానో లెక్కలేదు. అప్పుడు నా మనసులో ఉన్నది క్యాలెండరు మీది గుండ్రటి బుగ్గల బొమ్మ. పసిబిడ్డగా ఉండటమంటే తడిసి, ఎవరో వచ్చి తుడిచేదాకా అట్లాగే పడి ఉండటం. దాన్ని బోధించేవాళ్ళు ఒక్కపూట అనుభవించి వచ్చి బోధిస్తే బాగుంటుంది.

సత్తెమ్మే ఒకరోజు చెప్పింది: "మీ అమ్మ మంచిగ మొక్కుతదన్నా. మా అవ్వ సుత గట్లనే ఎల్లమ్మతోని కొట్లాడుతుండె. కొట్లాడెటోళ్ళే ఇడిసిపెట్టరు." ఆ రోజంతా నాకు అదే ఆలోచన.

ఆగస్టు మొదట్లో గొట్టం తీశారు. మాట వచ్చింది గానీ ఊపిరి చాలేది కాదు. ఒక్క ఊపిరికి రెండు మూడు మాటలు, అంతే. "నీళ్ళు కావాలె." "కాలు మడువు." ఆ నెలాఖరుకు ఇంటికి పంపారు. వాకర్ పట్టుకుని గుమ్మం నుంచి వంటగది దాకా నడుస్తుంటే అమ్మ నా ఎదురుగా వెనక్కి అడుగులు వేస్తూ "రా, రా, ఇగో వచ్చినవ్" అనేది. నలభై ఆరేళ్ళవాణ్ణి, కోపంతో పళ్ళు కొరుకుతూ నడిచేవాణ్ణి.

సుజాతతో మాట్లాడటం అంతకంటే కష్టమైంది. దవాఖానా కింద హాల్లో తను ఇనప కుర్చీల మీద ఎన్ని రోజులు కూర్చుందో అప్పుడు నాకు తెలియదు. మా సంఘం వాళ్ళు పదేసి మంది వచ్చి గట్టిగా ప్రార్థన చేస్తే సెక్యూరిటీ వచ్చి గొడవ పెట్టుకునేవాడట. వచ్చినవాళ్ళందరికీ ఈమే చాయ్ తెచ్చి ఇచ్చిందట. తిన్నావా అని అడిగింది మాత్రం క్యాంటీన్ ముసలాయన ఒక్కడే. రోజూ సాయంత్రం రెండు ఇడ్లీలు పొట్లం కట్టి పక్కన పెట్టి వెళ్ళేవాడట.

"నిజం జెప్పాల్నా?" అంది ఒక మధ్యాహ్నం, జాకెట్టుకు హుక్కులు కుడుతూ. "నీ ప్రార్థన లేక ఇల్లు నిమ్మళంగుండె. గట్ల అనిపించినందుకు మల్ల ఏడ్పొచ్చింది."

"గంత ఘోరమా?"

"నువ్వు కండ్లు మూస్కొని మా గురించి దేవునికి శెప్తుంటివి. మాకెన్నడు శెప్పలే, మమ్మల్నెన్నడు అడగలే."

నాకు ఒళ్ళు మండింది. జవాబు చెప్పడానికి ఊపిరి లేకపోవడం ఆ రోజు మా కాపురానికి మంచిదైంది.

సెప్టెంబరులో ఒకరోజు సుజాత కుట్టిన బట్టలు ఇవ్వడానికి హబ్సిగూడ వెళ్ళింది, అమ్మ కరివేపాకు తెస్తానని వీధి చివరకు వెళ్ళింది. బాత్రూముకు లేచాను. వాకర్ కాలు గడప అంచుకు తగిలి, నేను పక్కకు పడ్డాను. దెబ్బ పెద్దది కాదు. కానీ లేవలేను. చెంప గచ్చుకు ఆనింది, మంచం కింద ఒక పాత చెప్పు కనిపిస్తోంది. అది ఆ సోమవారం మిగిలిపోయిన ఎడమ చెప్పు. పారేయకుండా ఎవరో అక్కడ పెట్టారు.

ఆ చెప్పును చూడగానే నాలో ఏదో తెగింది. వినేవాళ్ళు లేరు, మైకు లేదు, పెద్ద మాటలకు ఊపిరి లేదు. ఉన్న ఊపిరితో అరిచాను.

"ఏంది నాయినా. ఏంది గిది. నేనేం జేసిన. నడుస్తలేను. కోపమస్తున్నది. నీ మీదనే. ఇంటున్నవా. భయమైతున్నది నాకు. అమ్మ ముసల్దైంది. సుజాత అలిసిపోయింది. నాతోని ఐతలేదు. నువ్వే లేపు. గంతే నాయినా."

ఆకాశం తెరుచుకోలేదు. కాళ్ళలోకి బలం రాలేదు. అమ్మ కరివేపాకుతో వచ్చి, కేక పెట్టి, పక్కింటాయనను పిలిచి లేపేదాకా నేను అక్కడే ఉన్నాను. కానీ ఆ గచ్చు మీద పడి ఉన్న కాసేపట్లో నా గుండె తేలికైంది. మా సంఘంలో విడుదల అని ఒక మాట ఉంది. జబ్బు పోతే విడుదల, ఉద్యోగం వస్తే విడుదల అంటాం. నాకు దొరికిన విడుదల వేరు. బాగా ప్రార్థన చేసే మనిషిగా ఉండక్కర్లేదని తెలిసింది. చంటిపిల్లవాడు తండ్రిని తన్నుతాడు, జుట్టు పీకుతాడు, ఏడ్చి ఏడ్చి ఆ భుజం మీదే నిద్రపోతాడు. మర్యాదగా మాట్లాడేది బయటివాళ్ళే. ఇన్నేళ్ళూ నేను ఆ తండ్రి ఇంట్లో బయటివాడిగా ఉండి, లోపల కూర్చున్న అమ్మకు మర్యాద నేర్పాను.

అక్టోబరులో పాస్టరు గారు ఇంటికి వచ్చి సంఘం ముందు సాక్ష్యం చెప్పమన్నారు. అప్పటికే ఫ్లెక్సీ కొట్టించారు. నా పాత ఫోటో, కోటు వేసుకున్నది, పైన "మరణపు అంచు నుండి" అని పెద్ద అక్షరాలు. "ఏ పాపం ఒప్పుకున్నాక స్వస్థత మొదలైందో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి బ్రదర్. చాలామందికి ఉపయోగం" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. దవాఖానాకు పదకొండుసార్లు వచ్చారని సుజాత చెప్పింది. అందుకే నాకు ఇంకా కోపం. చెడ్డవాడైతే తిట్టి వదిలేసేవాణ్ణి.

ఆ ఆదివారం ఇద్దరు పట్టుకుని నన్ను మెట్లెక్కించారు. కుర్చీ వేశారు, మైకు ఇచ్చారు. రికార్డు చేయడానికి ఫోన్లు లేచాయి. అమ్మ ఎప్పటిలాగే చాప మీద, గోడ పక్కన కూర్చుంది.

"నాకు జబ్బొచ్చింది" అన్నాను, ఊపిరి పీల్చుకుంటూ, ఆగుతూ. "డాక్టర్లు సూసిన్రు. సత్తెమ్మ అనేటామె తుడిచింది. దేవుడు నన్ను ఇడిసిపెట్టలే. ఎందుకు పడేసిండో నాకు తెల్వదు. అడిగినోళ్ళకు సుత తెల్వదు. రామంతాపూర్ల ఒకామెను నేను గట్లనే అడిగిన. ఆమె ఇప్పుడు లేదు. తప్పు జేసిన. మా అమ్మను పదిమందిల చిన్న జేసిన. గది సుత తప్పే. ప్రార్థన జేస్త."

అందరూ కళ్ళు మూసుకున్నారు. పాత అలవాటు ప్రకారం పావుగంటకు సర్దుకుని కూర్చోవడం వినిపించింది.

"నాయినా. కోపం ఇంక పోలే. నువ్వు సుత పోకు. గంతే నాయినా."

మైకు దించాను. ఎవరూ కదల్లేదు. ఆమేన్ వినపడకపోతే మావాళ్ళకు కళ్ళు తెరవడం తెలియదు. కింద షాపులో గ్రైండర్ ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. చాలాసేపటికి పాస్టరు గారే ఆమేన్ అన్నారు. కూడిక అయ్యాక నా భుజం తట్టి "కొంతకాలం విశ్రాంతి తీసుకోండి బ్రదర్" అన్నారు. పెద్దరికం పోయిందని దాని అర్థం. మెట్లు దిగేటప్పుడు ఏడుపు వస్తుందనుకున్నాను, ఆకలి వేసింది.

ఇంట్లో సుజాత అన్నం పెట్టి పప్పుచారు పోసింది. అమ్మ కంచం ముందు కూర్చుంది.

"ఆఖరికి ఆమేన్ అనలే నువ్వు. అందరు కండ్లు మూస్కొని కూసున్నరు పాపం. మర్శినవా బిడ్డా?"

"మరువలే. నీ మాట అన్న."

"నా మాటేంది?"

"గంతే."

అమ్మ నా వైపు నిజంగానే అర్థం కానట్టు చూసింది. "గట్ల అనొద్దని నువ్వే జెప్తివి గద. దేవునికి కోపమొస్తదని నేనెన్నడు నీ ముందర అనలే."

ఆరేళ్ళు. నా మాటను దేవుని వాక్యంలాగా పట్టుకుంది. చేతిలోని అన్నం ముద్దను కంచంలో పెట్టేశాను.

"నేను తప్పు జెప్పిన అమ్మా. దేవునికి కోపం రాదు. నువ్వు జెయ్ ప్రార్థన. నేనింట."

అమ్మ సుజాత వైపు చూసింది. సుజాత గరిటె పక్కన పెట్టి కూర్చుంది. అమ్మ కళ్ళు మూసుకుంది.

"నాయినా. గీ బువ్వ నువ్విచ్చినవ్. నా కొడుకును ఆగం జేసినవ్, మల్ల లేపినవ్. ఎందుకు జేసినవో నాకు జెప్పలే. నాక్కూడ కోపమున్నది. వాని కాళ్ళు జర మంచిగ జెయ్. గంతే నాయినా."

నేనూ సుజాతా ఆమేన్ అన్నాం.